గ్రాంటు గదిలో కొబ్బరినూనె

డబ్బు పెట్టి కొన్న వస్తువు కళ్ళెదుట ఉందని రుజువు చేయడం నా ఉద్యోగం.

"కుర్చీ కొన్నారు, కుర్చీ ఉంది. ఇందులో రుజువేంటే నీ మొహం?" అని మా ఆయన నవ్వుతాడు. ఆయన సబ్హాన్‌లో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఆయన లోకంలో పెట్టె లోపలికొస్తే వచ్చినట్టు, బయటికి పోతే పోయినట్టు. బళ్ళో అలా కాదు. గ్రాంటు డబ్బుతో కొన్నదైతే అసలే కాదు. ఆ కుర్చీలో పిల్లాడు కూర్చుని ఊగుతున్నా సరే, కుర్చీ ఉందని ఒప్పించడానికి వేరే సాక్ష్యం చూపించాలి. ఈ మాట చెబితే మా ఆయనకు ఇప్పటికీ నమ్మకం కుదరదు. నాకు మాత్రం కుదిరిందా? అలవాటయింది, అంతే.

కువైట్‌లో మన దేశపు పిల్లలు చదువుకునే ప్రైవేటు బడి మాది. అక్కడ కొనుగోళ్ళూ, స్టోరూ నేను చూస్తాను. కోనసీమలో బీకాం చదివి, పెళ్ళయి ఇక్కడికొచ్చి, నాలుగు గోడల మధ్య కూర్చోలేక చేరిన ఉద్యోగం. చాక్‌పీసులూ, సబ్బులూ, ప్రింటరు సిరాలూ చూసుకుంటూ హాయిగా ఉన్నదాన్ని. ఇంతలో ఇక్కడి దాతల సంస్థ ఒకటి మా బడికి గ్రాంటు ఇచ్చింది. మాటలు రాని పిల్లలు, కుదురుగా కూర్చోలేని పిల్లలు, గంట మోగితే చెవులు మూసుకుని నేలమీద పడిపోయే పిల్లలు కొందరు మా బళ్ళో ఉన్నారు. వాళ్ళ కోసం ఒక గది తయారు చేయమని ఆ డబ్బు. మంచి పనే. దాతకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు పెద్దలు.

ఒక మెత్తటి చాప కొనాలంటే దజీజ్‌లో మూడు దుకాణాలు తిరిగి మూడు కొటేషన్లు తేవాలి. చవకది కొనకపోతే ఎందుకు కొనలేదో రాయాలి. చవకదే కొంటే అంత చవకగా ఎలా వచ్చిందో రాయాలి. బిల్లు అరబ్బీలో ఉండాలి. వస్తువు దిగిన రోజున దాని పక్కన నిలబడి ఫోటో దిగాలి. నా పెళ్ళిలో దిగినన్ని ఫోటోలు నేను ఆ కుర్చీల పక్కన దిగాను. ఇవన్నీ అయ్యాక స్టిక్కరు అంటించాలి. అదీ అసలు సంగతి. ఆ స్టిక్కర్లు మనం అచ్చు వేసుకునేవి కావు, దాతల ఆఫీసు నుంచే వస్తాయి. ఒక్కో వస్తువుకు ఒక్కో నంబరు, కింద నల్లగీతలు. ఏడాదికోసారి ఆడిటరు వచ్చి చిన్న మిషను ఆ గీతల మీద పెడతాడు. కుయ్‌మంటే వస్తువు ఉన్నట్టు. కుయ్‌మనకపోతే లేనట్టు.

"ఈ కాగితం ముక్కలు నిలవవు సార్, పిల్లల చేతులు పడతాయి, రేకు బిళ్ళలు అడుగుదాం" అని మా అడ్మినిస్ట్రేటరుతో మొదటిరోజే అన్నాను. "వాళ్ళిచ్చింది అంటించండి, సలహాలు వద్దు" అన్నాడాయన. కనిపించే చోట అంటించాలని రూలు కాబట్టి కుర్చీల వీపుల మీద, బల్లల ముందువైపు, ఊయల స్తంభం మీద నా చేత్తో నేనే అంటించాను. టీచర్లను మీటింగులో కూర్చోబెట్టి, స్టిక్కర్ల జోలికి ఎవరూ పోకండని చెప్పాం. మీటింగుకు ఆయాలను పిలిచే ఆచారం మా బళ్ళో లేదు.

ఆ గదికి వేసిన ఆయా రాయచోటి మనిషి. ముస్లిం. నాకంటే పెద్దది. బడంతా ఆమెను ఆపా, అంటే అక్క, అనేవాళ్ళం. ఆమె నన్ను నలుగురిలో మేడం అనీ, స్టోరులో ఇద్దరమే ఉన్నప్పుడు పాపా అనీ పిలిచేది. నోరు పెద్దది. టీచర్లు ఆలస్యంగా వస్తే వాళ్ళ ఎదుటే గడియారం వైపు చూసేది. టీలో చక్కెర తక్కువైతే క్యాంటీనువాడి తాతముత్తాతలను పలకరించేది. అలాంటిది, మాట రాని పిల్లల దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేది. ఎవరి చేత్తో పెట్టినా మింగని ఒక పాప ఆపా పెడితే అన్నం తినేది. అది చూసి ఆ పాప తల్లి మా స్టోరు ముందు నిలబడి ఏడ్చింది.

బళ్ళో చేరకముందు ఆపా జాబ్రియాలో ఒక ఇంట్లో పనిచేసేది. వయసంతా ఆ ఇంటికే పోసింది. ఆ ఇంటి యజమానురాలు, ఆపా మాటల్లో మామా, చెడ్డది కాదట, కొట్టలేదు, తిండికి లోటు చేయలేదు. కానీ గడప దాటనిచ్చేది కాదు. ఆ మధ్య కొన్నాళ్ళు ఖాదిమ్ వీసా మీద ఇళ్ళలో పనిచేసేవాళ్ళు కంపెనీ వీసాకు మారడానికి గవర్నమెంటు దారి తెరిస్తే, ఆపా మామా కాళ్ళావేళ్ళా పడి ఒప్పించి మా బడి వీసా మీదికి వచ్చింది.

"పాపా, మొన్న శుక్రవారం ఫర్వానియాలో రోడ్డు మింద నడిసినా. ఊరికే. ఏం కొనలా, ఏం తినలా. ఎవురూ పిలస్తా ఉండరే, ఏమే యాడుండావని అడగరే! సచ్చినా మళ్ళ ఇంకోరి ఇంట్లో పనికి పోను. ఈడ పని పోతే మటుకు ఇఖామా పాయె, నేనూ పోతా" అందొకసారి నాతో. నవ్వుతూనే అంది. ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, అది పోతే ఊరికి పోవాల్సిందే.

రెండో ఏడు మొదటిసారిగా ఆడిటరు వస్తాడని కబురొచ్చింది. ముందురోజు మధ్యాహ్నం నుంచే ఆపా హడావిడి మొదలుపెట్టింది. గది తుడుస్తానంటే మంచిదే కదా అని నేను ఫైళ్ళ గొడవలో పడ్డాను. మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి ఆమె గది తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది, పెళ్ళికూతురును ముస్తాబు చేసిన మేనత్తలాగా.

"సూడు పాపా, ఎట్లుండాదో!"

చూశాను. గది అద్దంలా ఉంది. కుర్చీలు మిలమిలా మెరుస్తున్నాయి. కుర్చీల వీపులు నున్నగా ఉన్నాయి. బల్లల ముందువైపు నున్నగా ఉంది. ఊయల స్తంభం నున్నగా ఉంది. ఏదో కొబ్బరినూనె వాసన.

"స్టిక్కర్లేవి ఆపా?"

"తీసేసినా. ఎంత కష్టమైందనుకున్నావు! గోరుతో గీకితే రాలేదు. మా ఇంటి నుంచి కొబ్బరినూనె తెచ్చి పట్టించి, నానబెట్టి, గుడ్డతో తుడిసినా. ఒక్క మరక లేకుండా పోయినాయి. ఇంటికి పెద్దోళ్ళు వచ్చేటప్పుడు సామాను మింద అంగడి చీటీలు ఉండకూడదు పాపా. మా మామా అయితే చెంచా మింద చీటీ ఉన్నా అరిసేది, ఐబ్ ఐబ్ అని. సిగ్గుచేటు గదా. డబ్బులిచ్చినోళ్ళు వచ్చి సూస్తే, ఇంకా అంగట్లో ఉన్నట్టే పెట్టినారే అనుకోరా?"

పిల్లల కుర్చీలోనే కూలబడ్డాను. ఓరి దేవుడో, ఎవర్ని తిట్టను? జాబ్రియా మామా ఏళ్ళ తరబడి నేర్పిన మర్యాద అది. ధర చీటీ, కంపెనీ చీటీ, ఏ చీటీ అయినా సరే, అతిథి కంట పడకముందే ఊడదీయాలి. ఇక్కడ పెద్దిళ్ళలో పనిచేసిన మన ఆడవాళ్ళందరి చేతికీ ఆ విద్య తెలుసు. ఆపా దాన్ని మా బడి పరువు కోసం వాడింది.

"కొంప మునిగింది ఆపా. ఎక్కడ పడేశావు వాటిని?"

నా ముఖం చూసి ఆమెకు అప్పుడు అనుమానం వచ్చింది. చెత్తబుట్టలో వేశానంది. ఇద్దరం బడి వెనక డబ్బా దగ్గరికి పరుగెత్తాం. బలదియా చెత్త లారీ ఇంకా రాలేదు. అదొక్కటే అదృష్టం అనుకున్నాను. ఇద్దరం డబ్బాలో చేతులు పెట్టి, క్యాంటీను గుడ్డు పెంకులూ టీ పొట్లాలూ తోసి వెతికాం. దొరికాయి. అన్నీ కలిపి రాగిసంకటి ముద్దలా చుట్టేసి ఉన్నాయి. నూనెలో నానిన కాగితం వేలు తగిలితే చిరిగిపోతోంది. ఒక్క గీత నిలబడలేదు. ఆపా ఆ ముద్దను ఒళ్ళో పెట్టుకుని గోళ్ళతో విడదీస్తూ, "వస్తాది పాపా, ఆరబెడితే వస్తాది" అంటూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండిటికీ టైము లేదు.

ఆడిటరు మిస్రీ, ఈజిప్టు మనిషి. నెమ్మదస్తుడు. నేను ఫైళ్ళన్నీ ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. బిల్లులు చూపించాను. స్టిక్కరు అంటించిన నాటి ఫోటోలు చూపించాను. ఫోటోలో ఉన్న గీతల మీద మిషను పెట్టమని కూడా బతిమాలాను. ఆయన చిన్నపిల్లను చూసినట్టు నన్ను చూశాడు.

"సిస్టర్, కుర్చీ నాకు కనిపిస్తోంది. కూర్చుంటే కూర్చోగలను కూడా. కానీ ఇది ఆ కుర్చీయే అని నేనెలా చెప్పను? ఇలాంటి కుర్చీ బజారులో ఇంకోటి లేదా?" అన్నాడు.

న్యాయమే. తిట్టడానికి కూడా వీల్లేకుండా మాట్లాడాడు. ఒక్కో వస్తువు ముందు ఆగి, చూసి, "మాఫీష్" అంటూ రాసుకున్నాడు. లేదని. కుర్చీ మీద చెయ్యి పెట్టి మరీ లేదని రాసుకున్నాడు. ఈలోగా ఆపా ట్రేలో టీ తెచ్చింది. ఎవరు శుభ్రం చేశారని ఆయన అడిగితే, వచ్చిన అరబ్బీ ముక్కల్లో "అనా, అనా", నేనే నేనే అని గుండె మీద చెయ్యి వేసుకుంది. గది నీటుగా ఉందని మెచ్చుకుంటున్నాడనుకుంది. నేను కళ్ళతో వద్దంటున్నాను. ఆమె నావైపు చూస్తే కదా.

ఆయన వెళ్ళిన మర్నాడు అడ్మినిస్ట్రేటరు మా ఇద్దరినీ పిలిచాడు. ఆయనా మన దేశం వాడే, మన భాష కాదు. ఆపాతో హిందీలో మాట్లాడాడు. గ్రాంటువాళ్ళు సంజాయిషీ అడుగుతారు, వస్తువులు పోయాయంటే డబ్బు వెనక్కి కట్టాలి, అంత డబ్బు బడి దగ్గర లేదు, గది మూసేయాలి, కాబట్టి ఎవరో ఒకరు నావల్ల జరిగిందని ఒప్పుకుని రాసిస్తే వాళ్ళు నమ్ముతారు. ఇదీ ఆయన చెప్పింది.

"సార్, స్టిక్కర్లు తీయకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అది కూడా రాద్దాం" అన్నాను.

"అది రాస్తే మన నిర్వహణ లోపం అవుతుంది."

"అవుతుందేంటి, అదే కదండీ జరిగింది! రేకు బిళ్ళలు అడుగుదామని నేను చెప్పలేదా?"

"మీరు కూడా సంతకం పెడతారా చివర్న? మీ వీసా కూడా మా మీదే కదా," అన్నాడు. గొంతు పెంచలేదు. నవ్వుతూనే అన్నాడు.

నా వీసా మా ఆయన మీద ఉంది, బడి మీద కాదు. ఆ మాట అనేశాను కూడా. ఆయన భుజాలు ఎగరేసి ఆపా వైపు తిరిగాడు. నేనెంత అరిచినా ఆ గదిలో నా అరుపుకు ఫ్యాను గాలి పాటి విలువ లేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. మా బళ్ళో మాత్రం పాపమంతా తెచ్చి ఒక్కరి దోసిట్లో పోశారు.

బయటికొచ్చాక ఆమెను స్టోరులోకి లాక్కెళ్ళి తలుపు వేశాను.

"ఆపా, నా మాట విను. సంతకం పెట్టకు. పెడితే నీ ఉద్యోగం పోతుంది. ఇఖామా కేన్సిల్ చేస్తారు. నువ్వే చెప్పావు కదా, ఈ పని పోతే ఇక లేదని."

"తెలుసులే." అంది. ఒక్కసారిగా నా మీద లేచింది. "నువ్వెందుకు సెప్పలేదు పాపా? రోజూ ఈడనే కూసోని టీ తాగితిమే. ఆ చీటీలు ముట్టుకోవద్దని ఒక్క మాట అంటే నా చేతులు పడిపోతాయా? అన్నేండ్లు ఆ మామా ఇంట్లో ఒక గలాసు పగలగొట్టలేదు నేను. ఈడ ఒక కాగితం ముక్కకి దొంగనైపోయినా!"

మీటింగుకు ఆయాలను పిలవరు ఆపా అనబోయాను. అది ఆమెకు పనికొచ్చే జవాబు కాదు.

ఆమే తమాయించుకుంది. పైట కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను పెట్టకపోతే గది మూసేస్తారంట గదా. ఆ పాప యాడ తింటాది? వాళ్ళమ్మ ఏం సేస్తాది?" అంది.

"అది బెదిరింపు ఆపా. మూస్తారో లేదో ఎవరికీ తెలీదు."

"తెలీదు గదా. నీకూ తెలీదు. పిలకాయలతో పందెం కాస్తావా?"

కాయలేకపోయాను. నిజంగానే నాకు తెలీదు. ఆ సాయంత్రం ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం కింద ఆమె ఉర్దూలో సంతకం పెట్టింది, ఒక్కో అక్షరం శ్రద్ధగా, పెళ్ళి శుభలేఖ మీద రాసినట్టు. చదివి వినిపిస్తానంటే వద్దంది.

తర్వాత నా చేతనైనంత తిరిగాను. రిలీజ్ ఇప్పించండి, ఇంకో కంపెనీలో చేరుతుంది, దేశం విడిచిపోనక్కర్లేదని అడ్మినిస్ట్రేటరును అడిగాను. తప్పు ఒప్పుకున్న మనిషికి రిలీజ్ ఇచ్చామంటే గ్రాంటువాళ్ళు మమ్మల్ని అనుమానిస్తారన్నాడు. ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్తే, వీసాల సంగతి అడ్మినిస్ట్రేటరుదే అంది. పిల్లల తల్లుల చేత అర్జీ పెట్టిద్దామనుకున్నాను. ఇద్దరు ముగ్గురు వచ్చారు గానీ, ఫీజు రాయితీ మీద చదువుతున్న పిల్లల తల్లులు, ఆ రాయితీ పోతుందని ఆఫీసు బయటే ఆగిపోయారు. వాళ్ళననడానికి నాకు నోరు రాలేదు. మా ఆయన సబ్హాన్‌లో తెలిసిన మందూబును పట్టుకుని అడిగాడు. ఆ కాగితాలు తిప్పే మనిషి ఒక్కటే మాట అన్నాడట. "సిస్టంలో కేన్సిల్ కొట్టేశారు. ఖలాస్."

వెళ్ళే ముందు ఆపా గదిలోకి రాలేదు. పిల్లలు చూస్తే పట్టుకుంటారు, విడిపించుకోవడం నావల్ల కాదంది. గేటు దగ్గర నా చెయ్యి గట్టిగా నొక్కి, టాక్సీ ఎక్కింది. ఆ వారమంతా పాప సరిగా అన్నం తినలేదు. కొత్తగా వచ్చిన శ్రీలంక ఆయాకు ఆపా ఎలా పెట్టేదో నేను చూపించాను. నాకు కూడా సరిగా రాలేదు.

ఆపా వెళ్ళిన కొన్ని వారాలకు దాతల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రెండు ముక్కలు. మా ఫైలు చూశారట. బిల్లులు, డెలివరీ కాగితాలు, ఫోటోలు అన్నీ సరిపోయాయట. స్టిక్కర్లు పాడవడం ఇంతకుముందు వేరే చోట్ల కూడా జరిగిందట. కొత్తవి పంపిస్తున్నారట, ఈసారి రేకువి. ఆ ఉత్తరంలో ఆపా సంతకం చేసిన కాగితం ప్రస్తావన ఎక్కడా లేదు. నాకు అనుమానం వచ్చి వాళ్ళ ఆఫీసుకు ఫోను చేశాను. అక్కడి అమ్మాయి ఫైలు తిరగేసి, అలాంటి కాగితం మాకు రాలేదే, మేము సంజాయిషీ కూడా అడగలేదే అంది.

ఉత్తరం పట్టుకుని అడ్మినిస్ట్రేటరు గదిలోకి వెళ్ళాను. ఆపాను వెనక్కి పిలిపించండి అన్నాను. అరిచాను కూడా, అబద్ధమెందుకు. ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, "మంచిదే కదా, గండం గడిచింది" అన్నాడు. ఆ కాగితం ఎందుకు పంపలేదని అడిగితే, అవసరం పడితే వాడదామని ఉంచాను, అవసరం పడలేదు అన్నాడు. కేన్సిలయిన మనిషికి, ఆ వయసులో, కొత్త వీసా ఎవరు తెస్తారు అన్నాడు. ఆయన టీ చల్లారిపోతోంది, నన్ను వెళ్ళమన్నాడు.

ఆ శుక్రవారం రాయచోటికి ఫోను చేశాను. ఎలా చెప్పాలో మాటలన్నీ కూడబలుక్కుని మరీ చేశాను. తప్పు నీది కాదు ఆపా, వాళ్ళే ఒప్పుకున్నారు అని చెప్పాలనుకున్నాను. ఆమె హలో అనేసరికి వెనకాల గిన్నెల చప్పుడు.

"ఎక్కడున్నావు ఆపా?"

"ఈడనే పాపా, డాక్టరమ్మ ఇంట్లో. పనికి కుదిరినా. ఏం సేస్తాం, ఇంట్లో కూసుంటే ఎట్ల? మంచి మనిషేలే. శుక్రవారం అయితే మటుకు సెలవు ల్యా." గొంతు తగ్గించింది. "అది సరే గానీ, రోజూ నిన్నే అడగాలనుకుంటాండా. ఆ పిలకాయల గది ఉండాదా? మూసేసినారా?"

"ఉంది."

"గ్రాంటోళ్ళు దుడ్లు వెనక్కి అడగలేదు గదా?"

"లేదు ఆపా. అడగలేదు."

అవతల ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "అల్లాకు షుకర్. సూడు మల్ల! నేను సంతకం పెట్టబట్టే గదా నిలబడింది. నువ్వేమో పెట్టొద్దు పెట్టొద్దు అని నా పానం తీస్తివి. నేను పోతే పోయినా, గది మిగిలింది. రాత్రి పండుకునేటప్పుడు అదే అనుకుంటా పాపా. ఇంకేం అనుకుంటే నిద్ర పట్టదు."

ఉత్తరం నా ఎదురుగా బల్ల మీదే ఉంది.

"అవును ఆపా," అన్నాను. "నువ్వు సంతకం పెట్టబట్టే."